ఉప్పందించినవాడు

ఇంటిగుట్టు మోసినవాడి పేరు బయటపడితే ఏమవుతుంది? తూర్పు జర్మనీ తలుపులు బార్లా తెరిచి చూసింది. మన దగ్గర ఆ పేరుకు చట్టమే తాళం వేసింది.

ఫైల్లో అతని పేరు డొనాల్డ్. ఆ ఇంట్లో ఎవరెవరు కూడారో, ఎవరేమన్నారో, ఏం తలపెట్టారో పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చాడు. ఆ ఇంటి ఇల్లాలి గురించి చెప్పాల్సి వచ్చినచోట కూడా గొంతు మారలేదు. ఎవరో పరాయి మనిషి సంగతి చెప్పినట్టే చెప్పాడు. ఆ ఇల్లాలి పేరు వేరా. డొనాల్డ్ అసలు పేరు క్నూట్ వోలెన్‌బెర్గర్. ఆమె భర్త.

వేరా లెంగ్స్‌ఫెల్డ్ తూర్పు బెర్లిన్‌లోని పాంకో ప్రాంతంలో శాంతి బృందంతో తిరిగేది. తమ గడ్డ మీద అణుక్షిపణులు వద్దన్నందుకు 1983లో పాలక పార్టీ ఆమెను వెళ్లగొట్టింది. 1988 జనవరి 17న రోజా లక్సెంబర్గ్ సంస్మరణ ఊరేగింపుకు ఒక అట్ట పట్టుకుని బయల్దేరింది. దానిమీద రాసుకున్నది నినాదం కూడా కాదు, ఆ దేశ రాజ్యాంగంలోని 27వ అధికరణం. పౌరులకు తమ అభిప్రాయం బాహాటంగా చెప్పుకునే హక్కుందని చెప్పే ముక్క. ఊరేగింపు దాకా పోనివ్వలేదు. జైల్లో వేసి, ఆ తర్వాత ఇంగ్లండుకు పంపేశారు. 1989 నవంబరు 9న, సరిగ్గా బెర్లిన్ గోడ తెరుచుకున్న రోజే తిరిగొచ్చింది. పార్లమెంటుకు ఎన్నికైంది. ఆ తర్వాత ఫైళ్లు తెరుచుకున్నాయి. అందులోంచి డొనాల్డ్ లేచి వచ్చాడు. 1972 నుంచే, అంటే ఆమెతో పరిచయం కాకముందు నుంచే, అతను రహస్య నిఘా శాఖ మనిషి. ఆమె తండ్రి ఉద్యోగం చేసిందీ ఆ శాఖలోనే. 1992లో విడాకులయ్యాయి.

మాటలకేం కొదవ

ఈ పనికి మన భాషలో మాటలు బోలెడున్నాయి. అత్తాకోడళ్ల మధ్య మోస్తే చాడీలు. ఊళ్లో మోస్తే కొండేలు. పైవాడి చెవిన వేస్తే పితూరీ. ఈ పితూరీ మరీ తమాషా మాట. ఆఫీసులో పక్కసీటు వాడి మీద సాయంత్రం మేనేజరు దగ్గర చెప్పేదీ పితూరీయే. 1879లోనూ, మళ్లీ 1922-24లోనూ రంప మన్యం తెల్లవాళ్ల మీద తిరగబడిందీ పితూరీయే. తిరుగుబాటుకూ, దాని కబురు పైకి మోయడానికీ ఒకే మాట ఎలా కుదిరిందోగానీ, కుదిరింది.

'ఉప్పందించడం' నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట. ఉప్పు తిన్న విశ్వాసం అంటాం కదా, ఆ ఉప్పు తిన్నవాడే ఉప్పు అందించగలడు. గుమ్మం బయట నిలబడ్డవాడికి లోపలి సంగతి ఏం తెలుస్తుంది? ఇంటిగుట్టు లంకకు చేటు అని సామెత పుట్టింది అందుకే. అయితే ఆ సామెత పుణ్యాన విభీషణుణ్ణి వేగులవాళ్ల లెక్కలో కలిపేయడం అన్యాయం. ఆయన చెప్పాల్సింది నిండు కొలువులో అన్నగారి మొహం మీదే చెప్పి, అందరూ చూస్తుండగా వెళ్లిపోయాడు. అంత ధైర్యం ఉన్నవాడికి మారుపేరుతో పనిలేదు.

కౌటిల్యుడు వేగుల శాఖను ఎంత వివరంగా కట్టాడో అర్థశాస్త్రం తిరగేస్తే తెలుస్తుంది. విద్యార్థి వేషం, సన్యాసి వేషం, చితికిన రైతు వేషం, వర్తకుడి వేషం, జడలు పెంచిన తాపసి వేషం. ఒకరినొకరు ఎరగని ముగ్గురు చెప్పింది ఒకటే అయితేనే నమ్మాలన్నాడు. మాటిమాటికీ పొంతన లేకుండా చెప్పేవాణ్ణి చడీచప్పుడు లేకుండా వదిలించుకోవాలనీ అన్నాడు. రెండువేల ఏళ్ల కిందటే వేగుకన్నా వేగు చెప్పే అబద్ధానికి ఎక్కువ భయపడిన పాలకుడు కనిపిస్తాడు అందులో.

నాకు ఈ విద్య తొలిసారి పరిచయమైంది హైస్కూల్లో. సారు లేనప్పుడు క్లాసు లీడరు నల్లబల్ల మీద ఓ మూల 'మాట్లాడినవారు' అని గీత గీసి పేర్లు రాసేవాడు. మళ్లీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ. రెండు నిమ్మతొనలిస్తే ఇంటూ చెరిగేది, నాలుగిస్తే పేరే చెరిగేది. ఆ లీడరు మీద మాకు కోపమేం ఉండేది కాదు. రాసేదేదో మా ఎదుటే రాసేవాడు.

తొమ్మిదో తరగతిలో నలుగురం మధ్యాహ్నం బడి ఎగ్గొట్టి మ్యాట్నీకి పోయాం. మర్నాడు ప్రార్థనలో హెడ్మాస్టరు మా నలుగురి పేర్లూ వరసగా చదివాడు. సినిమా పేరుతో సహా. ఉప్పందించింది ఎవరో మాకు వెంటనే అర్థమైపోయింది. రమ్మని పిలిస్తే రానన్నవాడు ఒకడున్నాడు. టైలరు గారబ్బాయి. పదో తరగతి పరీక్షల దాకా వాడితో ఎవరం మాట్లాడలేదు. వాడి బెంచీలో వాడి పక్కన ఎవరం కూర్చోలేదు.

కాఫీ, ఓ సంతకం, ఓ కొత్త పేరు

వేరా కథలోని ఆ శాఖ పేరు రాజ్య భద్రతా మంత్రిత్వశాఖ. జనం నోట స్టాసీ. 1950లో పెట్టారు. 1957 నుంచి చివరిదాకా ఎరిక్ మీల్కే ఒక్కడే దానికి మంత్రి. ముప్పై రెండేళ్లు. 1989 నాటికి జీతం తీసుకునే సిబ్బంది 91 వేలు. వాళ్లు కాక ఉప్పందించేవాళ్లు దాదాపు 1,89,000. దేశం మొత్తం జనాభా కోటీ అరవై లక్షల చిల్లర. పెళ్లిపందిట్లో వందమంది భోజనానికి కూర్చుంటే బంతిలో ఒకడు వాళ్లవాడన్నమాట.

ఈ మనుషుల్ని స్టాసీ వేగులని పిలవలేదు, అనధికార సహకారి అంది. కాగితాల్లో రెండక్షరాలే: ఐ.ఎం. ఒకణ్ణి చేర్చుకోవడం ఒక్కరోజు పని కాదు. ముందు నెలల తరబడి వాడి మీదే ఆరా తీసేవారు. దేనికి మెత్తబడతాడు, దేనికి భయపడతాడు, ఎవరంటే కిట్టదు, ఏ ఉద్యోగం మీద కన్నుంది. ఆ తర్వాతే పరిచయం. చివరికి ఒక తెల్లకాగితం ముందు పెట్టి, ఇష్టపూర్వకంగా సహకరిస్తానని సొంత దస్తూరీతో రాయించుకునేవారు. టైపు చేసి తెచ్చి సంతకం పెట్టమనవచ్చు కదా? పెట్టమనరు. తన చేత్తో తాను రాసుకున్న వాక్యం మనిషిని లోపల్నుంచి పట్టుకుంటుందని వాళ్లకు తెలుసు. మారుపేరు కూడా చాలావరకు అతణ్ణే ఎంచుకోమనేవారు. బారసాల లాంటిదే. కాకపోతే పేరు పెట్టుకునేదీ, పెట్టించుకునేదీ ఒకడే.

కలుసుకునేది ఆఫీసులో కాదు. ఏ పెన్షనుదారుడో వాడుకోమని ఇచ్చిన గదిలో, మామూలు అపార్టుమెంటులో. కాఫీ ఉండేది. ఎలా ఉన్నారు, పిల్లాడి దగ్గు తగ్గిందా అని కుశల ప్రశ్నలుండేవి. చాలామందికి ముట్టింది ఏమంత డబ్బు కాదు. ఎప్పుడైనా చిన్న బహుమతి, ఓ పతకం, ఇంకొంచెం సులువుగా దొరికే పాస్‌పోర్టు. బెదిరింపుకు లొంగి చేరినవాళ్లకన్నా, చేస్తున్నది దేశానికి మంచిదని నమ్మి చేరినవాళ్లే ఎక్కువని తర్వాతి పరిశోధనల్లో తేలింది. నాకు ఇదే ఎక్కువ భయం కలిగిస్తుంది. భయపడ్డవాడు ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి దాచుకుంటాడు. నమ్మినవాడు మొత్తం చెప్పేస్తాడు.

ఇంతమంది ఇన్నేళ్లు చెప్పినదాంట్లో ఉన్నదేమిటి? చాలావరకు ఏమీ లేదు. ఎవరి ఇంట్లో పడమటి జర్మనీ టీవీ నడుస్తోంది, ఎవరి చుట్టం పార్సిలు పంపాడు, ఎవరు పార్టీ మీటింగులో చప్పట్లు కొట్టలేదు. ఆ 'ఏమీ లేదు' పోగుపడి 111 కిలోమీటర్ల పొడవు అరలు నింపింది. హైదరాబాదులో మొదటి ఫైలు పెట్టి వరసగా పేర్చుకుంటూ పోతే కామారెడ్డి దగ్గర ఆఖరుది పెట్టవచ్చు. కాగితాలు చాలక వాసనలు కూడా దాచారు. కుర్చీ మీద పసుపుపచ్చ గుడ్డ పరిచి, అనుమానితుణ్ణి దానిమీద కూర్చోబెట్టి, వాడు వెళ్లాక ఆ గుడ్డను గాజుసీసాలో వేసి మూత బిగించేవారు. రేపు ఎక్కడైనా కరపత్రం దొరికితే కుక్కకు వాసన చూపించవచ్చని. మన ఇళ్లలో ఆవకాయ జాడీలు పెట్టుకున్నట్టు వరసగా సీసాలు, సీసాకో చీటీ.

1976లో ఇంకో అడుగు వేశారు. ప్రతివాణ్ణీ జైల్లో పెడితే పరువు పోతోందని, మనిషిని బయటే ఉంచి లోపల్నుంచి కుళ్లబెట్టే పద్ధతికి లిఖితపూర్వకంగా నియమావళి రాసుకున్నారు. ఉద్యోగంలో ఎదగనివ్వకపోవడం, సంసారంలో నిప్పులు పోయడం, స్నేహితుల మధ్య అపనమ్మకం పుట్టించడం. ఈ చివరిదానికి వాళ్ల చేతిలో ఒక పదునైన పనిముట్టు ఉండేది. 'ఫలానావాడు మా మనిషే' అన్న పుకారు. స్టాసీకి లొంగనివాణ్ణి స్టాసీ మనిషిగా ముద్ర వేయడం. నిజంగా ఉప్పందించేవాడు పక్కనే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవాడు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనితో పని పడుతుంది.

చేత్తో చింపిన కాగితాలు

1989 నవంబరు 13న మీల్కే పార్లమెంటులో నిలబడి, నాకు మనుషులందరి మీదా ప్రేమే అన్నాడు. జీవితంలో మొదటిసారి సభ ఆయన మొహం మీద నవ్వింది. సరిగ్గా మూడు వారాలకు, డిసెంబరు 4న, ఎర్‌ఫుర్ట్ ఊళ్లో స్టాసీ ఆఫీసు పొగగొట్టం నుంచి పొగ వస్తోందని ఆడవాళ్లు కొందరు గమనించారు. లోపల కాగితాలు కాలుతున్నాయని పసిగట్టి, జనాన్ని పోగేసి లోపలికి నడిచారు. 1990 జనవరి 15న బెర్లిన్‌లోని ప్రధాన కార్యాలయం తలుపులూ తెరుచుకున్నాయి.

అప్పటికే కాగితాలు ముక్కలు చేసే యంత్రాలు పనిభారానికి పాడైపోయాయి. అధికారులు చేతులతో చింపడం మొదలుపెట్టారు. చింపింది చింపినట్టే సంచుల్లో కుక్కారు. దాదాపు 16 వేల సంచులు మిగిలాయి. 1995 నుంచి జిర్న్‌డోర్ఫ్ అనే చిన్న ఊళ్లో కొంతమంది ఉద్యోగులు బల్లల ముందు కూర్చుని ఆ ముక్కల్ని అతికించారు. కాగితం రంగు, సిరా రంగు, చిరిగిన అంచు చూసి జత కుదర్చడం. ఇరవై ఏళ్లకు పైగా చేసినా తేలింది ఓ ఐదారు వందల సంచులే. కంప్యూటరుతో చేయిద్దామని పెట్టుకున్న ఆశ కూడా పెద్దగా ఫలించలేదు.

మిగిలిన ఫైళ్లను ఏం చేయాలన్నది పెద్ద రగడ అయింది. పడమటి జర్మనీ పెద్దలు చాలామంది తాళం వేయడమే మేలన్నారు. పేర్లు బయటపడితే వీధుల్లో తలలు పగులుతాయని భయపెట్టారు. తూర్పువాళ్లు ఒప్పుకోలేదు. 1990 సెప్టెంబరులో కొందరు అదే కార్యాలయంలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. చివరికి 1991 డిసెంబరులో చట్టం వచ్చింది, జనవరిలో పఠన మందిరం తెరిచారు. ఎవరి ఫైలు వాళ్లు చదవొచ్చు. ఇతరుల సొంత సంగతులున్న చోట నల్లసిరా. కానీ నీ మీద ఉప్పందించినవాడి అసలు పేరు అడిగితే చెప్పాల్సిందే. ఆ ఫైళ్ల కార్యాలయానికి తొలి అధిపతి యోవాకిమ్ గౌక్ అనే పాస్టరు. తర్వాత ఆయనే దేశాధ్యక్షుడయ్యాడు. ఇప్పటిదాకా చదువుకోవాలని అర్జీ పెట్టినవాళ్లు ముప్పై లక్షల పైమాటే.

తలలు పగిలాయా? లేదు. ఇళ్లు చీలాయి. ఉద్యోగాలు పోయాయి. కవులు, పాస్టర్లు, ప్రొఫెసర్లు తలదించుకున్నారు. ప్రఖ్యాత రచయిత్రి క్రిస్టా వోల్ఫ్ మీద స్టాసీ పోగేసిన ఫైలు 42 సంపుటాలు. అందులోంచే, 1959 నుంచి మూడేళ్లపాటు ఆమె కూడా మార్గరెటె అనే మారుపేరుతో వాళ్లకు కబుర్లు చెప్పిందని తేలింది. కానీ ఫైళ్లు చదివినవాళ్లు చంపుకోవడానికి బయల్దేరలేదు. ఇంకొకటి కూడా జరిగింది, దాని గురించి ఎక్కువమంది మాట్లాడరు. ఏళ్ల తరబడి అనుమానపడ్డ మనిషి పేరు ఫైల్లో ఎక్కడా కనిపించక, ఆ స్నేహితుడి ఇంటికి వెళ్లి తలుపు తట్టాల్సి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

టిమోతీ గార్టన్ ఆష్ అనే ఇంగ్లిషు చరిత్రకారుడు 1980లో తూర్పు బెర్లిన్‌లో చదువుకున్నాడు. ఆయన మీద 325 పేజీల ఫైలు, దాని మీద పేరు రోమియో. ఆయన ఆ ఫైలు చంకన పెట్టుకుని తన మీద చెప్పినవాళ్లను, వాళ్లతో చెప్పించుకున్న అధికారులను ఒక్కొక్కర్నే వెతుక్కుంటూ పోయాడు. దాని మీద 1997లో పుస్తకం రాశాడు. తలుపు తీసినవాళ్లలో రాక్షసులెవరూ లేరు. పెద్దవయసు మనుషులు, తడబాట్లు, గుర్తులేదనడాలు, కాసేపటికి గుర్తురావడాలు. ఒకడు పాత రోజులు చెబుతుంటే ఇంకొకడు వింటూ కూర్చున్న దృశ్యం అది. ఆ మాట్లాడుకోవడానికి పేరు తెలిసి ఉండాలి.

మన తాళం

1872 నాటి సాక్ష్య చట్టంలో 125వ సెక్షన్ ఉండేది. నేరం సంగతి నీకెక్కడ తెలిసిందని మేజిస్ట్రేటునైనా, పోలీసునైనా, పన్ను నేరమైతే రెవెన్యూ అధికారినైనా బలవంతపెట్టి చెప్పించకూడదని దాని సారాంశం. 2024 జూలై 1 నుంచి కొత్త భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది. సెక్షన్ నంబరు 131 అయింది, తాళం అదే. ఆదాయపన్ను శాఖ 2018లో ప్రకటించిన పథకాల్లో ఎగవేత సంగతి చెబితే 50 లక్షల దాకా, విదేశాల్లో దాచిన నల్లధనమైతే 5 కోట్ల దాకా, బినామీ ఆస్తయితే కోటి దాకా బహుమతి ఉంది. చెప్పినవాడికి ఒక కోడ్ కూడా ఇస్తారు. డొనాల్డ్‌లా పేరేం అక్కర్లేదు.

ఇది తప్పని నేననను. పక్కింట్లో పద్నాలుగేళ్ల పిల్లకు పెళ్లి చేస్తున్నారని రాత్రి పది గంటలకు 1098కి ఫోన్ చేసే మనిషి పేరు దాచాల్సిందే. దాచకపోతే రేపు ఇంకో పిల్లకోసం ఎవరూ ఫోన్ తీయరు. ఒకడు చేసిన నేరాన్ని చెప్పడం వేరు. ఒకడు తన ఇంట్లో, మన కంచం పక్కన కూర్చుని అన్న మాటను మోయడం వేరు. చిక్కంతా ఎక్కడంటే, రెండిటికీ తాళం ఒకటే.

ఆ తాళం కిందపడి నలిగింది మన అడవి పల్లెలు. పగలు పోలీసులు, రాత్రి అన్నలు. పగలు నీళ్లిచ్చినందుకు రాత్రి జవాబు చెప్పాలి, రాత్రి అన్నం పెట్టినందుకు పగలు జవాబు చెప్పాలి. ఆ ఊళ్లలో 'ఇన్‌ఫార్మర్' అన్నది ఇంగ్లిషు మాట కాదు, బువ్వ, కూలి, దుడ్డు లాంటి మామూలు మాట. దాని పక్కనే 'కోవర్టు' ఇంకోటి. తరచూ పట్నం సంతకు పోతున్నాడని, చేతికి సెల్‌ఫోన్ వచ్చిందని, అప్పు తీర్చేశాడని మొదలయ్యే గుసగుస శవం పక్కన ఎర్రసిరా ఉత్తరంతో ముగిసిన ఊళ్లు ఉత్తర తెలంగాణలో, మన్యంలో ఉన్నాయి. చనిపోయినవాడు నిజంగా పోలీసులకు చెప్పేవాడా? అవునని పోలీసులు అనలేరు, అంటే ఇంకొకడు రాడు. కాదని అన్నా ఊరు నమ్మదు. ఎర్రసిరాతో రాసినవాళ్లకూ రుజువు చూపాల్సిన పనిలేదు. ఫైలు ఎప్పటికీ తెరుచుకోదు. ఆ పెళ్లాంబిడ్డలు ఆ ముద్రతోనే ఆ ఊళ్లో బతకాలి. ఎస్.ఆర్. శంకరన్ గారి పెద్దరికాన 1997లో మొదలైన పౌర స్పందన వేదిక రెండువైపుల హింసనూ నిలదీసింది. అప్పట్లో రెండు పక్షాలకూ వాళ్ల మాట చేదుగానే ఉంది.

సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్‌లో ప్రభుత్వం ఈ పనికి జీతమే కట్టింది. ఐదో తరగతి దాకా చదివిన ఆదివాసీ కుర్రాళ్లను ప్రత్యేక పోలీసు అధికారులని చేర్చుకుంది. నెలకు 3 వేలు. దారి చూపాలి, మనుషుల్ని గుర్తుపట్టాలి, భాష తెలియని జవాన్లకు మాట తర్జుమా చేయాలి. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఈ నియామకాలు చెల్లవంది. తీర్పు రాసింది మన తెలుగువాడు, జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి. ఈ కుర్రాళ్ల ఉద్యోగం అయిపోయి తుపాకీ వెనక్కి తీసుకున్నాక, పేరూ ఊరూ మొహమూ అందరికీ తెలిసిపోయిన వాళ్ల గతేమిటని ఆ తీర్పు అడిగింది. ప్రభుత్వం నడిపే శిబిరంలో చేరితే వేగు, ఊళ్లోనే ఉంటే మావోయిస్టు. రెండు ముద్రలూ వద్దనుకున్నవాళ్లు 2005 నుంచి గోదావరి దిక్కుగా నడిచొచ్చారు. భద్రాచలం, ములుగు అడవుల్లో గుత్తికోయలని మనం పిలిచేది వాళ్లనే. మిరపచేలల్లో కూలికొస్తారు. ఎందుకొచ్చారని అడిగితే మాట తప్పిస్తారు. ఎవరికి చెబుతున్నారో వాళ్లకేం తెలుసు?

వేరా కథలో ఒక ఉత్తరం ఉంది. ఏళ్లు గడిచాక, ఐర్లండులో ఉంటున్న క్నూట్ పార్కిన్సన్ జబ్బుతో క్షీణిస్తూ ఆమెకు క్షమించమని రాశాడు. ఆమె క్షమించింది. 2012లో అతను పోయాడు.

మా బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనం కొన్నేళ్ల కిందట జరిగింది. హెడ్మాస్టరు అప్పటికే లేడు. పాత అటెండరొక్కడే శాలువా కప్పించుకుని కుర్చీలో కూర్చున్నాడు. మాటల్లో మ్యాట్నీ ప్రస్తావన వచ్చింది. ఆయన బోసినోటితో నవ్వాడు. "ఆ రోజుల్లో సగం జీతంతో ఇల్లు గడవక మధ్యాహ్నాలు హాలు దగ్గర సైకిల్ స్టాండు చూసేవాణ్ణి గదా బాబూ. మీ నాలుగు సైకిళ్లకూ టోకెన్లు చించిచ్చింది నేనే."

మిగతా ముగ్గురూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. టైలరు గారబ్బాయి ఆ రోజు రాలేదు. వాట్సాప్ గ్రూపులో వాడి నంబరు చేర్చినవాళ్లు ఎవరూ లేరు.